బ్యాంకు గోడ మీద డాక్టరు గారు

ముందే ఒక మాట. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు రాయడం టెన్త్ పరీక్ష తర్వాత ఇదే మొదటిసారి. తప్పులు కనిపిస్తే తిట్టుకోకుండా మన గ్రూప్‌లో చెప్పండి, నేర్చుకుంటాను.

మన కాలేజీ వాళ్ళకి విమానాల గోల కొత్తేం కాదు. శంషాబాద్‌లో దిగే ప్రతి విమానం మన హాస్టల్ మీద నుంచే పోతున్నట్టు ఉంటుంది. ఫస్టియర్‌లో తలెత్తి చూసేవాళ్ళం. ఇప్పుడైతే ఫోన్లో మాట్లాడుతూ ఒక్క నిమిషం ఆగి, శబ్దం తగ్గాక మళ్ళీ మొదలుపెడతాం. ఎయిర్‌పోర్ట్ ఇంత దగ్గరున్నా నేను ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. డిపార్చర్స్ బయట నిలబడింది కూడా మొన్న సెప్టెంబర్‌లోనే, మా అక్కని పంపడానికి.

అక్క జార్జియా వెళ్ళింది, ఎంబీబీఎస్ చదవడానికి. ఇందులో వింతేముంది, చాలామంది వెళ్తున్నారు కదా అనుకుంటారు. కానీ మా అక్క వయసు 25. 2022లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది. రెండేళ్ళు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. తర్వాత అది మానేసి, ఓపెన్ స్కూల్‌లో బయాలజీ అదనపు సబ్జెక్టుగా రాసి, పదిహేడేళ్ళ పిల్లల మధ్య కూర్చుని నీట్ రాసింది. క్వాలిఫై అయింది కానీ ఇక్కడ గవర్నమెంట్ సీటు వచ్చే ర్యాంక్ రాలేదు. అందుకని జార్జియా.

ఇంట్లో ఆరు నెలలు యుద్ధమే. బీటెక్ కోసం తీసుకున్న లోన్ ఈ మధ్యే తీరింది. మళ్ళీ ఇంకో లోన్, అదీ ఫ్లాట్ కాగితాలు పెట్టి. నాన్న వద్దన్నారు. అమ్మ ఎవరి వైపూ మాట్లాడలేదు. నేను నాన్న వైపు. నిజం చెప్పాలంటే నా మిగతా రెండేళ్ళ ఫీజు సంగతేంటి అన్న భయం కూడా లోపల ఉంది. ఒకరోజు అన్నాల దగ్గర, కోడింగ్ చేతకాక డాక్టర్ అవుతానంటున్నావని అక్కని అనేశా. అక్క కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ వ్యాసం ఆ పదిహేను రోజుల్లో మొదలైంది.

లోన్ కోసం పాత కాగితాలు వెతుకుతుంటే బీరువాలో నాన్న పాత పాస్‌బుక్ దొరికింది, ఆంధ్రా బ్యాంక్‌ది. అది చూడగానే నా చిన్నప్పటి బ్రాంచ్ గుర్తొచ్చింది. నాన్న క్యూలో ఉంటే నేను బెంచీ మీద కూర్చుని గోడకున్న ఫోటో చూసేవాణ్ణి. ఓ పెద్దాయన ఫోటో, కింద డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య అని పేరు. బ్యాంకు పెట్టినాయన కదా, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసుంటారు, అందుకే డాక్టర్ అనుకునేవాణ్ణి. ఈ మధ్య వరకూ అదే అనుకున్నా.

ఆ రాత్రి ఊరికే వెతికితే తెలిసింది. ఆయన నిజం డాక్టరు. నాడి పట్టుకుని మందులిచ్చే డాక్టరు. పైగా ముందు బీఏ చదివి, ఆ తర్వాత మెడిసిన్ చదివారు. మా అక్క లాగా.

గుండుగొలను నుంచి మద్రాసుకి

పట్టాభి 1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పుడు అది ఏలూరు జిల్లాలో ఉంది. సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళేటప్పుడు ఏలూరు దాటాక హైవే మీద ఆ బోర్డు ఎన్నోసార్లు చూశా. బస్సు ఆగదు, మనమూ పట్టించుకోం.

వాళ్ళది డబ్బున్న కుటుంబం కాదు. తండ్రి సుబ్రహ్మణ్యం గారు పట్టాభి చిన్నప్పుడే పోయారు. తల్లి గంగమ్మ గారు పిల్లల చదువు కోసం ఏలూరు చేరారు. ఇంటి సంపాదన పోయాక కూడా చదువు ఆపకూడదని ఒక తల్లి పట్టుబట్టడం మన ఇళ్ళల్లో ఇప్పటికీ చూస్తాం. ఆ రోజుల్లో అది ఇంకెంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఏలూరులో మిషన్ స్కూలు, తర్వాత బందరు నోబుల్ కాలేజీ. బందరు అంటే మచిలీపట్నమే, మా ఇంట్లో అందరూ బందరనే అంటారు. అక్కడి నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ. ఇప్పుడు ఆ కాలేజీ తాంబరంలో ఉంది కానీ అప్పుడు ఊరి మధ్యలో, జార్జ్ టౌన్‌లో ఉండేది. తెలుగు జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే కాబట్టి, ఇప్పుడు మనవాళ్ళు హైదరాబాద్ వచ్చినట్టు అప్పుడు పెద్ద చదువంటే మద్రాసు రైలెక్కడమే.

ఆ రోజుల్లో బీఏ అంటే మామూలు విషయం కాదు. ఊరికి ఒక్కరు బీఏ ఉంటే పేరు పక్కన రాసుకుని బోర్డు పెట్టుకునేవారు. గవర్నమెంట్ ఉద్యోగం దొరుకుతుంది, లేదంటే లా చదివి ప్లీడర్ కావచ్చు. చాలామంది చేసింది అదే. తండ్రి లేని ఇంట్లో పెరిగిన కుర్రాడు ఇరవై ఏళ్ళకి డిగ్రీ చేతిలో పెట్టుకుంటే, ఇంట్లో ఎవరైనా ముందు ఉద్యోగం చూసుకోమనే అంటారు.

పట్టాభి మెడిసిన్‌లో చేరారు.

రెండో డిగ్రీ

మద్రాసు మెడికల్ కాలేజీ 1835 నాటిది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా, జనరల్ హాస్పిటల్ పక్కన ఉంటుంది. అక్కడ ఇచ్చే డిగ్రీని అప్పుడు ఎంబీసీఎం అనేవారు. ఇప్పటి ఎంబీబీఎస్ లాంటిదే. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన చదివింది కూడా అక్కడే, పట్టాభి తర్వాత కొన్నేళ్ళకి.

డాక్టర్ కావాలన్నది పట్టాభికి ముందు నుంచీ ఉన్న కోరిక. బీఏ దానికి అడ్డం కాలేదు. ఇక్కడ నాకు ఒక విషయం అర్థమైంది. మనకి పదిహేనో ఏట, టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారంలో, ఎంపీసీయా బైపీసీయా అని అడుగుతారు. ఆ ఒక్క జవాబుతో సగం దారులు మూసుకుపోతాయి. నేను ఎంపీసీ తీసుకున్నది లెక్కల మీద ప్రేమతో కాదు. నా ఫ్రెండ్స్ ముగ్గురు ఎంపీసీ తీసుకున్నారు, అంతే. అక్కకి అప్పుడే బైపీసీ కావాలని ఉందట. ఇంట్లో అందరూ ఇంజినీరింగ్ అంటుంటే చెప్పలేకపోయిందట. ఈ సంగతి నాకు మొన్న తెలిసింది.

ఈ మధ్యే ఆ తలుపు కాస్త తెరుచుకుంది. నీట్‌కి గరిష్ట వయసు పరిమితిని 2022లో తీసేశారు. ఇంటర్‌లో బయాలజీ లేనివాళ్ళు తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైతే చాలని 2023లో నేషనల్ మెడికల్ కమిషన్ ఒప్పుకుంది. అక్క దారి అదే. ఇక అమెరికాలో అయితే అసలు పద్ధతే వేరు. అక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ పరీక్ష, ఆ తర్వాతే మెడికల్ స్కూల్. అంటే అక్కడ దాదాపు ప్రతి డాక్టరుకీ మెడిసిన్ రెండో డిగ్రీయే. బ్రిటన్‌లో కూడా డిగ్రీ అయిన వాళ్ళ కోసం నాలుగేళ్ళ మెడిసిన్ కోర్సులు విడిగా ఉన్నాయి. మన ఇంట్లో వింతగా చూసే విషయం ఇంకో దేశంలో రూలు.

పట్టాభి చదివే కాలంలో మెడిసిన్ ఎలా ఉండేదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎక్స్‌రే కనిపెట్టి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో, అంటే యాంటీబయాటిక్స్ లేవు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ చూసింది 1897లో, అదీ మన సికింద్రాబాద్‌లో. ఆ బిల్డింగ్ ఇప్పటికీ బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంది. ఆ పనికే రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. మెడిసిన్ అప్పుడే కళ్ళు తెరుస్తున్న సైన్స్. ఇప్పుడు మనవాళ్ళంతా ఏఐ వెనక పడ్డట్టు, అప్పటి తెలివైన కుర్రాడికి మెడిసిన్ అలా కనిపించి ఉంటుందని నా ఊహ.

ఈ సంగతి చెబితే అక్క వెంటనే పట్టుకుంది. మరి ఆడవాళ్ళ సంగతేంటని అడిగింది. వెతికి చెప్పాను. ఆ కాలేజీ 1875లోనే నలుగురు ఆడవాళ్ళని చేర్చుకుంది. ముత్తులక్ష్మీ రెడ్డి గారు అక్కడే చదివి 1912లో డిగ్రీ తీసుకున్నారు. అయినా ఒక మగపిల్లాడికి ఉన్నంత తేలిక ఆడపిల్లకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదంది అక్క. పట్టాభిది పేద ఇల్లే అయినా చదువు విలువ తెలిసిన ఇల్లు. ఆ రోజుల్లో బడి గడప కూడా తొక్కలేని పిల్లలు ఎంతమందో. ఆయన పడ్డ కష్టం నిజమే, దొరికిన అవకాశమూ నిజమే.

బందరు డాక్టర్

ఎంబీసీఎం అయ్యాక పట్టాభి మద్రాసులో ఉండిపోలేదు. బందరు వచ్చి ప్రాక్టీసు పెట్టారు. అప్పట్లో కృష్ణా జిల్లాకి ముఖ్యపట్టణం అదే, రేవు పట్టణం కూడా. ప్రాక్టీసు బాగా సాగింది, డబ్బు బాగానే వచ్చింది. కథ ఇక్కడే ఆగిపోయి ఉంటే, ఒక ఊళ్ళో మంచి పేరున్న డాక్టర్‌గా మిగిలేవారు. మనకి ఆయన పేరు తెలిసేది కాదు.

కానీ ఆ రోజుల్లో బందరు ఊరికే కూర్చునే ఊరు కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటనకి వచ్చినప్పుడు బందరులో కూడా మాట్లాడారు. ముట్నూరి కృష్ణారావు గారు కృష్ణాపత్రిక నడుపుతున్నారు. కోపల్లె హనుమంతరావు గారికి ఒక కల ఉంది. ఇంగ్లీషు ప్రభుత్వం సాయం లేకుండా మన కాలేజీ మనం పెట్టుకోవాలని, అందులో పుస్తకం చదువుతో పాటు చేతి పని కూడా నేర్పాలని. ఈ ఇద్దరితో పట్టాభి కలిశారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. జాతీయ జెండాతో మనం గుర్తుపెట్టుకునే పింగళి వెంకయ్య గారు కూడా అందులో పాఠాలు చెప్పారు.

ఒక డాక్టరు పొద్దున పేషెంట్లని చూసి, సాయంత్రం కాలేజీ చందాల గురించి మాట్లాడటం ఊహించండి. మనకి మిడ్ ఎగ్జామ్స్ ఉంటే క్లబ్ మీటింగ్‌కి రావడానికే బద్ధకం.

స్టెతస్కోప్ పక్కన పెట్టి

1912, 13 నాటికి ఇంకో చర్చ మొదలైంది. తెలుగు జిల్లాలకి వేరే రాష్ట్రం కావాలా వద్దా అని. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. పట్టాభి ది హిందూ లాంటి ఇంగ్లీషు పత్రికల్లో వరసగా వ్యాసాలు రాశారు. భాషని బట్టి రాష్ట్రాలు ఉండాలని, జనానికి తెలిసిన భాషలోనే పాలన జరగాలని ఆయన వాదన. ఆ ఇంగ్లీషు, ఆ వాదించే పద్ధతి ఎక్కడివి? మద్రాసు క్రిస్టియన్ కాలేజీ బీఏవే అయ్యుంటాయి. డాక్టర్ అయ్యాక పనికిరాదనుకున్న మొదటి డిగ్రీ ఇక్కడ పనికొచ్చింది.

1916 లక్నో కాంగ్రెస్‌లో ఆంధ్రకి విడిగా కాంగ్రెస్ శాఖ కావాలని అడిగారు. గాంధీ గారు అప్పుడు ఒప్పుకోలేదు. తిలక్ మద్దతిచ్చారు. చివరికి 1918లో ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ ఏర్పడింది. రాష్ట్రం రావడానికి 35 ఏళ్ళ ముందే కాంగ్రెస్ లెక్కల్లో ఆంధ్ర ఒక రాష్ట్రం అయిపోయింది.

ఈ పనుల మధ్య ప్రాక్టీసు వదిలేశారు. పదేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న ప్రాక్టీసు. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 39.

నాకు మొదట్లో ఇక్కడ మనసు ఒప్పుకోలేదు. అంత కష్టపడి రెండో డిగ్రీ చదివి, దాన్నీ వదిలేస్తే మరి ఎందుకు చదివినట్టు? ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

లక్ష రూపాయల బ్యాంకు

1923 నవంబర్ 20న ఆంధ్రా బ్యాంక్ రిజిస్టర్ అయింది. నవంబర్ 28న బందరులో తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు, అధీకృత మూలధనం 10 లక్షలు. అంటే 10 లక్షల దాకా షేర్లు అమ్ముకోవచ్చు, చేతికొచ్చిన డబ్బు మాత్రం లక్షే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో పంటలు బాగా పండేవి. కానీ పంట చేతికొచ్చే లోపు రైతుకి అప్పు కావాలి. అప్పు అంటే షావుకారే. వడ్డీ ఆయన చెప్పిందే. మిగులు డబ్బు ఉన్నవాళ్ళు ఇంట్లో దాచుకునేవారు, లేదా బంగారం కొనేవారు. ఆ డబ్బుని ఒకచోట చేర్చి, కావలసిన వాళ్ళకి తక్కువ వడ్డీకి ఇవ్వడమే బ్యాంకు పని. చెప్పడానికి ఎంత సింపులో, జనం నమ్మకం సంపాదించడం అంత కష్టం. మన డబ్బు ఎవరి చేతిలో పెడతాం? తెలిసిన మనిషి చేతిలో. ఊళ్ళో డాక్టర్ కంటే తెలిసిన మనిషి ఎవరుంటారు? ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, నా సొంత ఊహ. కానీ ఒక ఊరి వాళ్ళ జ్వరాలూ పురుళ్ళూ చూసిన మనిషికి ఎవరి ఇంట్లో అప్పు ఉందో, ఎవరు మందులు కొనలేకపోతున్నారో కూడా తెలుస్తుంది కదా.

బ్యాంకుతో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. తర్వాత ఇంకొన్ని సంస్థలు. ఆంధ్రా బ్యాంక్‌ని 1980 ఏప్రిల్ 15న జాతీయం చేశారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిపేశారు. లాక్‌డౌన్ రోజులు కదా, మేం ఎవరం గమనించలేదు. తర్వాత వెళ్తే బోర్డు మారిపోయి ఉంది. సైఫాబాద్‌లో ఉన్న హెడ్ ఆఫీసు పేరు మాత్రం పట్టాభి భవన్.

అక్క బీటెక్ లోన్ 2018లో ఆ పాత బోర్డు కింద తీసుకున్నదే. ఒక డాక్టర్ పెట్టిన బ్యాంకులో అప్పు తీసుకుని ఇంజినీర్ అయింది. మళ్ళీ అదే బ్రాంచ్‌లో, కొత్త బోర్డు కింద, డాక్టర్ కావడానికి అప్పు తీసుకుంది. నాన్నకి ఈ మాట చెబితే నవ్వాలా వద్దా అన్నట్టు చూశారు.

ఓడిన ఎన్నిక, గెలిచిన ఎన్నిక

1930 ఉప్పు సత్యాగ్రహంలో పట్టాభి బందరు తీరంలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి జైలుకెళ్ళారు. 1935లో కాంగ్రెస్‌కి 50 ఏళ్ళు నిండినప్పుడు ఆ సంస్థ చరిత్ర ఇంగ్లీషులో రాశారు. అది చాలా పెద్ద పుస్తకం, రాజేంద్ర ప్రసాద్ గారు ముందుమాట రాశారు. రెండో సంపుటం 1947లో వచ్చింది. ఇప్పటికీ ఆ కాలం గురించి రాసేవాళ్ళు దాన్ని తిరగేయక తప్పదు.

మన స్కూలు పుస్తకాల్లో పట్టాభి పేరు వచ్చేది ఒకే ఒక్క చోట. 1939 త్రిపురి కాంగ్రెస్. అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద గాంధీ గారి మనిషిగా పోటీ చేసి ఓడిపోయారు. బోస్‌కి 1580 ఓట్లు, పట్టాభికి 1377. ఆ ఓటమి తనదేనని గాంధీ గారు ప్రకటించారు. దాంతో చరిత్రలో అది గాంధీకీ బోస్‌కీ మధ్య కథ అయిపోయింది. ఓడిపోయిన మనిషి ఒక వాక్యంలో మిగిలాడు. స్కూల్లో నేను కూడా ఆ పేరు బట్టీపట్టి మార్కు తెచ్చుకున్నా. బ్యాంకు గోడ మీద ఉన్నాయన ఈయనే అని అప్పుడు తట్టలేదు.

1942లో క్విట్ ఇండియా. కాంగ్రెస్ వర్కింగ్ కమిటీలో చాలామందిని పట్టుకెళ్ళి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, ఆజాద్, వాళ్ళతో పాటు పట్టాభి. దాదాపు మూడేళ్ళు. అక్కడే నెహ్రూ డిస్కవరీ ఆఫ్ ఇండియా రాశారు. పట్టాభి రోజూ డైరీ రాసుకున్నారు. అదే తర్వాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పుస్తకంగా వచ్చింది.

1948లో మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఈసారి పురుషోత్తమ్ దాస్ టాండన్ మీద గెలిచారు. ఓడిన తొమ్మిదేళ్ళకి, దాదాపు 68 ఏళ్ళ వయసులో.

ఆ గెలుపు వెంటే ఆయన జీవితంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే పని వచ్చింది. భాషా రాష్ట్రాల సంగతి తేల్చడానికి జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ అంటారు. అప్పటికి 35 ఏళ్ళ నుంచి ఆంధ్ర రాష్ట్రం కావాలని వాదించిన మనిషి, 1949లో భాషా రాష్ట్రాలకి ఇది సమయం కాదన్న రిపోర్ట్ మీద సంతకం పెట్టారు. ఆంధ్ర విషయంలో కొంచెం సందు ఉంచారు, కానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలన్నారు. తెలుగువాళ్ళకి కోపం వచ్చింది. పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

దీన్ని దాచి ఆయన్ని పొగిడితే అబద్ధం అవుతుంది. దేశం విడిపోయి రెండేళ్ళు కూడా కాని రోజులవి, ఇంకో చీలిక అంటే భయం ఉండి ఉండొచ్చు. అయినా తను మొదలుపెట్టిన వాదనకే తను అడ్డం నిలబడాల్సి రావడం చిన్న విషయం కాదు. దారి మార్చుకున్న ప్రతిసారీ అది మంచికే జరుగుతుందని లేదు.

1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు. 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు.

నాన్న అడిగిన ప్రశ్న

ఇదంతా చదివాక నేను వెళ్ళి అక్కకి సారీ చెప్పాను. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, నాన్న దగ్గర కూర్చుని పట్టాభి కథ మొత్తం చెప్పాను. బీఏ తర్వాత కూడా మెడిసిన్ చదివి ఎంత పెద్దవాడయ్యారో చూడమన్నాను. కేసు గెలిచేశాననుకున్నా.

నాన్న మొత్తం విన్నారు. విని, మరి అంత చదివిన డాక్టర్ పని పదేళ్ళకే వదిలేశాడు కదరా అన్నారు. మీ అక్క కూడా అలాగే ఇంకో ఆరేళ్ళ తర్వాత ఇది కూడా కాదంటే, ఈ ఇంటి కాగితాలు ఎవరు విడిపిస్తారు అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నాన్న అన్నదీ నిజమే. అక్కడ ఆరేళ్ళ కోర్సు. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ పాసవ్వాలి, ఇంటర్న్‌షిప్ చేయాలి. అన్నీ సరిగ్గా జరిగితే అక్కకి 32 దాటుతుంది. అప్పటికి నాన్న రిటైర్ అయిపోతారు. పట్టాభి కథలో ఈఎంఐ లేదు.

అయితే నాన్న ప్రశ్న నన్ను మళ్ళీ ఆ జీవితం దగ్గరికే తీసుకెళ్ళింది. ఈసారి వరస చూశాను. బీఏ నుంచి మెడిసిన్‌కి వెళ్ళారు, కానీ బీఏలో నేర్చుకున్న ఇంగ్లీషుతో 55 ఏళ్ళ వయసులో చరిత్ర రాశారు. మెడిసిన్ నుంచి బయటికొచ్చారు, కానీ ఆ పదేళ్ళలో బందరులో సంపాదించిన పేరుతోనే బ్యాంకు పెట్టగలిగారు. ఆయన ప్రతిసారీ దారి మార్చారు, చేతిలో ఉన్నది మాత్రం పారేయలేదు. పైగా ఏ చదువునీ సగంలో వదల్లేదు. బీఏ పూర్తి చేసి మెడిసిన్‌కి వెళ్ళారు. మెడిసిన్ పూర్తి చేసి, పదేళ్ళు పేషెంట్లని చూసి, అప్పుడు వదిలారు.

అక్క కూడా బీటెక్ సగంలో వదల్లేదు. పూర్తి చేసింది, రెండేళ్ళు ఉద్యోగం చేసి తన మొదటి లోన్‌లో చాలా భాగం తనే కట్టింది. ఈ మాట నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. వారం తర్వాత ఫ్లాట్ కాగితాల ఫైల్ బీరువాలోంచి తీసి టేబుల్ మీద పెట్టారు. నా మాట వల్లే తీశారని నేననను. కన్నతండ్రి కదా, ఎప్పుడో ఒప్పేసుకుని ఉంటారు.

సెప్టెంబర్ రాత్రి అవుటర్ రింగ్ రోడ్ మీద కారులో ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. డిపార్చర్స్ ముందు పండగలా ఉంది. ఒక్కొక్కరి కోసం పదిమంది వచ్చారు. ఎవరో బ్యాగ్ విప్పి ఆవకాయ డబ్బా తీసి పక్కన పెడుతున్నారు, బరువు ఎక్కువైందట. గేటు దగ్గర టికెట్ చూపించి అక్క లోపలికెళ్ళింది. అద్దంలోంచి కాసేపు కనిపించింది. తన చుట్టూ ఉన్న ఎంబీబీఎస్ పిల్లలందరికీ పద్దెనిమిదేళ్ళు, తను ఒక్కత్తే వాళ్ళకి టీచర్‌లా ఉంది. నాన్న అద్దం దగ్గర చివరిదాకా నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు కారు నన్ను నడపమన్నారు.

ఇప్పుడు అక్క వారానికోసారి వీడియో కాల్ చేస్తుంది. అనాటమీలో ఎముకల పేర్లు గుర్తుండట్లేదని ఏడుస్తుంది, క్లాసులో పిల్లలకి ఎక్సెల్ షీట్లు చేసిపెట్టి వాళ్ళ నోట్స్ తీసుకుంటున్నానని నవ్వుతుంది. పూర్తి చేస్తుందా లేదా నాకు తెలీదు. చేస్తుందనే అనుకుంటున్నా. నా ఫీజు సంగతి మాత్రం ఈ సంవత్సరానికి గట్టెక్కింది. వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలి. ఈసారి ఆ లెక్కలో నేను కూడా ఒక చెయ్యి వేయాలి కదా.

చివరగా ఒక చిన్న లెక్క. పట్టాభి డాక్టర్‌గా పేషెంట్లని చూసింది సుమారు పదేళ్ళు. 1916 ప్రాంతంలో వదిలేశాక ఇంకో 43 ఏళ్ళు బతికారు. బ్యాంకు పెట్టినా, జైలుకెళ్ళినా, గవర్నర్ అయినా జనం మాత్రం డాక్టర్ పట్టాభి అనే పిలిచారు. ఫోటో కింద కూడా అదే రాశారు. మీ ఊళ్ళో పాత ఆంధ్రా బ్యాంక్ బ్రాంచ్ ఏదైనా ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఫోటో ఇంకా గోడ మీద ఉందేమో చూసి నాకు చెప్పండి. మా బ్రాంచ్‌లో మొన్న వెతికాను, కనిపించలేదు.